జ్ఞాపకశక్తి – వయస్సు – మెదడు

డెబ్బది సంవత్సరాలు దాటిన పెద్దలు తమ పదవ ఏట బడిలో నేర్చిన పద్యాన్ని తడుముకొనకుండ అప్పజెప్పగలరు; కాని గడియ క్రితం కళ్ళజోడు ఎక్కడ పెట్టినదీ చెప్పలేరు. ఇరువది ఏండ్ల విద్యార్థి ఒకే రాత్రి నాలుగు అధ్యాయాలు బట్టీ పట్టగలడు; కాని పరీక్ష ముగిసిన నెల తరువాత వాటిలో నాలుగు వాక్యాలైనను అతనికి జ్ఞప్తికి రావు. ఈ ఇద్దరిలో ఎవరి జ్ఞాపకశక్తి గొప్పది? ప్రశ్న చూచుటకు సులభంగా ఉన్నను సమాధానం అంత సులభం కాదు. జ్ఞాపకశక్తి అనునది ఒకే శక్తి కాదు. అది అనేక శక్తుల సముదాయం. వాటిలో కొన్ని వయస్సుతో క్షీణించును, కొన్ని నిలిచి ఉండును, కొన్ని పెరుగును కూడ.

ఈ విషయంలో మన సమాజంలో మూడు అపోహలు కలవు. మొదటిది, "మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెతను చదువుకు అన్వయించి, వయస్సు మళ్ళిన వారు కొత్తది నేర్వజాలరని తీర్మానించుట. రెండవది, ముసలితనంలో మతి పోవుట సహజమని భావించి, నిజంగా వ్యాధి వచ్చినను వైద్యుని చూడకుండుట. మూడవది, జ్ఞాపకశక్తి పుట్టుకతో వచ్చే వరమనియు, ఏకసంథాగ్రాహి కాని వానికి చదువు అబ్బదనియు విద్యార్థులు నిరుత్సాహపడుట. ఈ మూడింటివలన పెద్దలకు, పిన్నలకు జరిగే నష్టం కొంచెం కాదు. మెదడు గురించి విజ్ఞానశాస్త్రం తెలుసుకొన్న విషయాలను పరిశీలించిన ఈ మూడును సరికావని తెలియును.

జ్ఞాపకంలోని తరగతులు

తెలుగులో జ్ఞాపకశక్తికి "ధారణ" అను పేరు కలదు. నిలుపుకొనుట అని దాని అర్థం. ఉర్దూలోని "హాఫిజా" అను పదానికి మూలం భద్రపరచుట అను అర్థంగల ధాతువు. రెండు భాషలును జ్ఞాపకాన్ని పదిలపరచిన ధనంగా భావించినవి. కాని ఆ ధనం ఒకే పెట్టెలో లేదు.

ఒక ఫోను సంఖ్యను విని, కాగితంపై వ్రాసుకొనే వరకు మనస్సులో నిలుపుకొనుట తాత్కాలిక స్మృతి. దాని పరిమితి చాల తక్కువ. 1956లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ ఈ పరిమితి సుమారు ఏడు అంశాలని చెప్పారు. తరువాతి పరిశోధకులు దానిని నాలుగుకు తగ్గించారు. విన్న దానిని నిలుపుకొనుటయేగాక, దానిపై మనస్సులో పని కూడ చేసినచో, ఉదాహరణకు విన్న అంకెలను వెనుకనుండి ముందుకు చెప్పినచో, దానిని క్రియాశీల స్మృతి అనవచ్చును.

దీర్ఘకాలిక స్మృతిలో మరల తరగతులు కలవు. 1972లో కెనడాకు చెందిన ఎండెల్ టుల్వింగ్ ఒక ముఖ్యమైన విభజన చేశారు. "నిన్న సాయంకాలం గ్రంథాలయంలో నేను ఎవరిని కలిసితిని" అనునది సంఘటనా స్మృతి. దానికి కాలం, స్థలం ఉండును. "నీటిలో హైడ్రోజను, ఆక్సిజను ఉన్నవి" అనునది విషయ స్మృతి. దానిని ఏనాడు, ఎక్కడ నేర్చుకొన్నామో మనకు గుర్తుండదు, గుర్తుండ నవసరమును లేదు. ఇవిగాక సైకిలు త్రొక్కుట, మగ్గంపై నేయుట, వంట చేయుట వంటివి చేతులు, కాళ్ళు నేర్చిన నైపుణ్య స్మృతులు. వీటిని మాటలలో చెప్పుట కష్టం. చేసి చూపుట సులభం.

ఒక రోగి నేర్పిన పాఠం

ఈ తరగతులు కేవలం పండితులు కల్పించిన పేర్లు కావనియు, మెదడులో వాటికి వేరువేరు స్థానాలున్నవనియు లోకానికి తెలిపినవాడు ఒక రోగి. అమెరికాలోని హెన్రీ మొలైసన్ అను యువకుడు తీవ్రమైన మూర్ఛలతో బాధపడుచుండెడివాడు. 1953లో, అతని 27వ ఏట, విలియం స్కోవిల్ అను శస్త్రవైద్యుడు మూర్ఛలు తగ్గించుటకై అతని మెదడులో రెండు కణతల లోపలి భాగాలను తొలగించారు. అందులో హిప్పోకాంపస్ అనే అవయవంలోని అధికభాగం పోయినది. సముద్రపు గుర్రం అనే చేప ఆకారంలో ఉండుటచే దానికి ఆ పేరు వచ్చినది.

మూర్ఛలు తగ్గినవి, కాని కొత్త జ్ఞాపకాలు ఏర్పడుట ఆగిపోయినది. అతనికి మాట పోలేదు, తెలివి తగ్గలేదు, బాల్యస్మృతులు చాలవరకు నిలిచినవి. అయితే ఇప్పుడే మాట్లాడి వెళ్ళిన మనిషి కొద్ది నిమిషాలలో తిరిగి వచ్చినచో అతనికి కొత్తవాడే. బ్రెండా మిల్నర్ అను శాస్త్రవేత్త అతనిని అనేక సంవత్సరాలు పరీక్షించారు. అద్దంలో ప్రతిబింబాన్ని మాత్రమే చూచుచు నక్షత్రాకారాన్ని గీయవలెనని ఆమె అతనికి పని ఇచ్చారు. మూడు దినాలలో అతని చేయి చక్కగా తిరిగినది. కాని ప్రతిదినం, ఈ పని తాను ఎన్నడును చేయలేదనియే అతడు భావించెను. చేతికి జ్ఞాపకమున్నది, మనస్సుకు లేదు! దీనివలన కొత్త సంఘటనలు జ్ఞాపకంగా మారుటకు హిప్పోకాంపస్ అత్యవసరమనియు, నైపుణ్యాలు మెదడులోని ఇతర భాగాల ఆధారంతో నేర్వబడుననియు, పాత జ్ఞాపకాలు క్రమంగా మెదడు పైపొరలలో స్థిరపడుననియు తెలిసినది. 2008లో, తన 82వ ఏట, ఆయన మరణించిన పిమ్మటనే ఆయన పూర్తి పేరు లోకానికి వెల్లడి అయినది. అంతవరకు గ్రంథాలలో రెండు పొడి అక్షరాలతోనే ఆయన ప్రసిద్ధుడు.

నాడీకణాల మధ్య జరిగే పని

మానవుని మెదడు బరువు సుమారు ఒక కిలో మూడు వందల గ్రాములు. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు కలవని 2009లో ప్రచురితమైన లెక్కింపు వలన తెలియుచున్నది. ఒక్కొక్క కణం వేలకొలది ఇతర కణాలతో సంబంధం పెట్టుకొనును. ఒక కణం మరియొక కణానికి సందేశం అందించే చోటును నాడీసంధి అందురు. జ్ఞాపకం ఒక కణంలో దాగి ఉండే బొమ్మ కాదు. అనేక కణాల మధ్య ఈ సంధులు బలపడుటయే జ్ఞాపకం.

1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో అను ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేలు హిప్పోకాంపస్‌లో ఒక నాడీమార్గాన్ని విద్యుత్తుతో వేగంగా కొద్దిసేపు ప్రేరేపించిరి. తరువాత ఆ మార్గంలోని సంధులు గంటల తరబడి బలంగా ఉండిపోయినవి. పొలంలో పలుమారు నడచినచోట బాట పడినట్లు, పలుమారు పనిచేసిన నాడీసంధి బలపడునన్నమాట. ఎరిక్ కాండెల్ ఒక సముద్రపు నత్తపై చేసిన పరిశోధనలలో, కొద్దిసేపటి జ్ఞాపకానికి సంధిలోని రసాయనిక మార్పు చాలుననియు, దీర్ఘకాలిక జ్ఞాపకానికి కణంలో కొత్త మాంసకృత్తుల తయారీ, కొత్త సంధుల నిర్మాణం అవసరమనియు తేలినది. 2000లో ఆయన నోబెల్ బహుమానాన్ని మరిద్దరితో కలిసి పొందారు.

ఈ విషయంలో విద్యార్థులు గమనింపవలసిన సత్యం ఒకటి కలదు. నిర్మాణానికి సమయం పట్టును. ఇటుక మీద ఇటుక పెట్టి, సున్నం ఆరనిచ్చి, మరల పైవరుస కట్టినగాని గోడ నిలువదు. అట్లే చదువుకు, చదువుకు మధ్య విరామమును, రాత్రి నిద్రయును జ్ఞాపకనిర్మాణంలో భాగాలు. ఎలుకలు పగలు తిరిగిన దారికి సంబంధించిన నాడీకణాల చర్య, అవి నిద్రించునపుడు హిప్పోకాంపస్‌లో మరల కనిపించుట 1994లో శాస్త్రజ్ఞులు గమనించారు. కావున గాఢనిద్రలో మెదడు ఊరక ఉండదు. పగటి పాఠాన్ని తిరిగి వల్లించును.

వార్ధక్యంలో వచ్చే మార్పులు

వయస్సు పెరిగినకొలది మెదడు కొంత కుంచించుకొనును. అయితే అన్ని భాగాలు సమానంగా కుంచించుకొనవు. నుదుటి వెనుక ఉండే లలాట భాగం, హిప్పోకాంపస్ ఎక్కువగా తగ్గును. చూపుకు సంబంధించిన వెనుక భాగం తక్కువగా తగ్గును. సాధారణ వార్ధక్యంలో నాడీకణాలు గుంపులు గుంపులుగా చనిపోవునని పూర్వం భావించెడివారు. అది సరికాదు. కణాలు చాలవరకు నిలిచియే ఉండును. వాటి కొమ్మలు, సంధులు తగ్గును. కణాలను కలిపే నాడీతంతువులపై ఉండే తెల్లని తొడుగు దెబ్బతిని సందేశాలు మెల్లగా పోవును. డోపమైన్ వంటి రసాయనాలు తగ్గును. గాఢనిద్ర కూడ తగ్గును.

ఈ మార్పుల ఫలితం ఏమి? పని వేగం తగ్గును. ఒకేసారి రెండు మూడు విషయాలను మనస్సులో ఉంచుకొనుట కష్టమగును. అన్నిటికంటె ముఖ్యంగా, రెండు విడివిడి విషయాలను కలిపి గుర్తుంచుకొనే శక్తి తగ్గును. పెండ్లిలో కనిపించిన ముఖం పెద్దవారికి గుర్తే; విన్న పేరు గుర్తే; ఆ ముఖానిదే ఆ పేరు అను ముడి మాత్రం విడిపోవును. ముడివేయుట హిప్పోకాంపస్ పని కావున ఇది ఆశ్చర్యం కాదు. అట్లే "ఆ పేరేమి?" అని అడిగినచో చెప్పలేని వారు, నాలుగు పేర్లు చదివి వినిపించినచో సరియైనది వెంటనే గుర్తింతురు. తమంత తాము వెదకి తెచ్చుకొనుట కష్టం. ఆధారం అందించినచో సులభం. అనగా జ్ఞాపకం పోలేదు. దానిని చేరే దారి ఇరుకైనది.

ఇక తగ్గనివి, పెరుగునవి చూతము. పదసంపద, లోకజ్ఞానం, వృత్తిజ్ఞానం అరువది ఏండ్ల వరకు పెరుగుటయో నిలిచి ఉండుటయో జరుగును. చేతి నైపుణ్యాలు చాలకాలం చెడవు. యౌవనంలోని సంఘటనలు, అనగా సుమారు పది, ముప్పది ఏండ్ల మధ్య జరిగినవి, పెద్దవారికి అన్నింటికంటె ఎక్కువగా గుర్తుండును. చదువు, ఉద్యోగం, వివాహం వంటి తొలి అనుభవాలు ఆ కాలంలోనే వచ్చుటయు, అవి పలుమారు తలచుకొనబడి బలపడుటయు ఇందుకు కారణాలుగా చెప్పబడుచున్నవి. పాత పద్యం వచ్చి, కళ్ళజోడు మరచుటలోని రహస్యం ఇదే. పద్యం వేయిసార్లు నడచిన బాట. కళ్ళజోడు ఒకేసారి, అదియును పరధ్యానంగా, వేసిన అడుగు.

మరియొక హెచ్చరిక అవసరం. నేటి ఇరువది ఏండ్లవారిని, నేటి డెబ్బది ఏండ్లవారిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి పరీక్షించినచో, మనం వయస్సును మాత్రమే కాక రెండు తరాల చదువును కూడ పోల్చుచున్నాము. పెద్దతరంవారిలో అనేకులకు, ముఖ్యంగా స్త్రీలకు, పాఠశాల భాగ్యం తక్కువ. స్వీడన్‌లోని ఉమియో నగరంలో 1988లో ఆరంభమైన ఒక పరిశోధనలో అవే మనుష్యులను సంవత్సరాల తరబడి మరల మరల పరీక్షించారు. అట్లు చూచినపుడు సంఘటనా స్మృతి సగటున అరువది ఏండ్ల వరకు నిలకడగా ఉండి, తరువాతనే తగ్గుచున్నట్లు తేలినది. ఇరువదవ ఏటినుండియే పతనమను మాట సరికాదు.

రెండు ఎడ్ల బండి

గత శతాబ్దం చివరి దశాబ్దంలో, మనిషి గుర్తుతెచ్చుకొనుచుండగా మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువగా ప్రవహించునో చూపే యంత్రాలు పరిశోధకుల చేతికి వచ్చినవి. వాటితో ఒక వింత విషయం బయటపడినది. యువకులు నేర్చిన మాటలను గుర్తుతెచ్చుకొనునపుడు లలాట భాగంలో కుడివైపు ఎక్కువగా పనిచేసినది. వృద్ధులలో కుడి, ఎడమ రెండు వైపులును పనిచేసినవి.

ఇది బలహీనతకు గుర్తా, బలానికి గుర్తా అను సందేహం కలిగినది. 2002లో రాబర్టో కబేజా, ఆయన సహచరులు వృద్ధులను రెండు జట్లుగా విభజించి చూచారు. జ్ఞాపకం తక్కువగా ఉన్న వృద్ధుల మెదడు యువకుల మెదడువలె ఒకవైపే పనిచేయుటకు ప్రయత్నించినది. జ్ఞాపకం బాగుగా ఉన్న వృద్ధుల మెదడు రెండు వైపులను వినియోగించినది. ఒక ఎద్దు అలసినపుడు రెండవ ఎద్దును కాడికి కట్టినట్లు, ఆరోగ్యవంతమైన ముసలి మెదడు తన లోపాన్ని తానే పూరించుకొనునని వారు భావించారు. 2009లో డెనిస్ పార్క్, ప్యాట్రీషియా రాయిటర్ లోరెంజ్ అను ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ భావాన్ని విస్తరించి, పాత కట్టడానికి ఆసరాగా కొత్త పరంజా కట్టుకొనే స్వభావం మెదడుకు జీవితాంతం ఉండునని ప్రతిపాదించారు. రెండు వైపుల పని అన్ని సందర్భాలలోను సహాయమే కాదనియు, కొన్నిచోట్ల అది కేవలం పనివిభజన సడలిపోవుట కావచ్చుననియు వాదించే శాస్త్రజ్ఞులు కూడ కలరు. ఈ చర్చ ముగియలేదు. కాని వార్ధక్యం అనగా కేవలం శిథిలం కాదు, మరమ్మతు కూడ అను భావం నేడు బలంగా నిలిచినది.

ఈ మరమ్మతులో అనుభవం పాత్ర ఎంతటిదో చూపే ఒక చక్కని ప్రయోగం 2005లో అలన్ క్యాస్టెల్ చేశారు. కిరాణా సరుకులను, వాటి ధరలను యువకులకు, వృద్ధులకు చూపి గుర్తుంచుకొమ్మన్నారు. కొన్ని ధరలు బజారులో ఉండేవే, కొన్ని అసంగతమైనవి. అసంగతమైన ధరలను గుర్తుంచుకొనుటలో వృద్ధులు వెనుకబడిరి. కాని బజారు ధరల విషయంలో వారు యువకులకు ఏమాత్రం తీసిపోలేదు. అనగా కొత్త విషయం పాత జ్ఞానానికి అతికినచో, వయస్సు పెద్ద అడ్డంకి కాదు.

అభ్యాసంతో మారే మెదడు

ఇక మొక్క, మాను సామెతకు వత్తము. లండన్ నగరంలో అద్దెకారు నడుపుటకు అనుమతి కోరువారు సుమారు 25,000 వీధులను, వాటి కూడళ్ళను కంఠస్థం చేయవలెను. అందుకు మూడు, నాలుగు సంవత్సరాలు పట్టును. 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం అట్టి చోదకుల మెదడులను పరిశీలించి, హిప్పోకాంపస్ వెనుకభాగం ఇతరులకంటె పెద్దదిగా ఉన్నదని ప్రకటించినది. పుట్టుకతో అట్లున్నవారే ఆ వృత్తికి వచ్చిరేమో అను సందేహం ఉండెను. 2011లో ప్రకటించిన రెండవ పరిశోధనలో, శిక్షణకు ముందును తరువాతను అవే మనుష్యులను పరీక్షించారు. 79 మంది అభ్యర్థులలో 39 మంది ఉత్తీర్ణులైరి. వారి హిప్పోకాంపస్‌లోనే పెరుగుదల కనిపించినది. వీరు బాలురు కారు, వయోజనులు. మానుకూడ కొంత వంగుననుటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావలెను?

మన దేశంలోను ఇట్టి పరిశీలన జరిగినది. యజుర్వేదాన్ని బాల్యంనుండి కంఠస్థం చేసిన 21 మంది పండితుల మెదడులను, అదే వయస్సుగల ఇతరుల మెదడులతో పోల్చి 2016లో ఫలితాలు ప్రచురించారు. భాషకు, జ్ఞాపకానికి సంబంధించిన అనేక భాగాలలో పండితుల మెదడు భిన్నంగా ఉన్నట్లు అందు కనిపించినది. శిక్షణకు ముందు చూడలేదు కావున మార్పంతయు శిక్షణవలననే వచ్చినదని నిశ్చయించుటకు వీలులేదు. అయినను ఆలోచింపదగిన విషయం. కంఠస్థవిద్య మనకు కొత్తకాదు. ఖురాను గ్రంథమంతయు హృదయస్థం చేసిన హాఫిజులు మన మధ్య కలరు. తెలుగునాట అవధానులు వందమంది పృచ్ఛకులకు విడివిడిగా చెప్పిన పద్యాలను చివర ధారణలో వరుసగా అప్పజెప్పుదురు. తిరుపతి వేంకట కవులు ఈ విద్యతోనే ఖ్యాతి గడించారు. ఈ రెండు సంప్రదాయాలలోను ఒకే పద్ధతి కనిపించును. చిన్నచిన్న భాగాలు, గురువు ఎదుట అప్పజెప్పుట, లయ, మరునాడు పాతపాఠం తిరగవేయుట. ఎవరును ఒక్క రాత్రిలో నేర్చుకొనరు.

రెండు భాషల నగరం చెప్పిన సాక్ష్యం

ఉర్దూ, తెలుగు రెండును వినిపించే మన కళాశాలకు చాల దగ్గరగా తోచే పరిశోధన ఒకటి హైదరాబాదులోనే జరిగినది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు చిత్తవైకల్యం, అనగా డిమెన్షియా, వచ్చిన 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. వారిలో 391 మంది రెండుగాని అంతకంటె ఎక్కువగాని భాషలు మాట్లాడువారు. ఒకే భాష మాట్లాడువారికంటె వీరికి వ్యాధిలక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా కనిపించినవి. బడికి పోని నిరక్షరాస్యులలో కూడ ఈ తేడా కనిపించుట విశేషం. కావున ఇది కేవలం చదువు ప్రభావమని కొట్టివేయుటకు వీలులేదు. రెండు భాషలకు మించి మూడు, నాలుగు వచ్చినందువలన అదనపు లాభం మాత్రం కనిపించలేదు. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించగా, వ్యాధి అనంతరం మేధాశక్తి సక్రమంగా నిలిచినవారు బహుభాషీయులలో నూటికి 40 మంది, ఏకభాషీయులలో నూటికి 20 మంది చొప్పున ఉన్నారు.

రెండు భాషలు తెలిసినవాడు ఒకటి మాట్లాడునపుడు రెండవదానిని అదుపులో ఉంచవలెను. బజారులో దక్కనీ ఉర్దూ, ఇంటిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మారుచుండుటే మెదడుకు నిత్యవ్యాయామం కావచ్చునని ఒక వివరణ. ఇతర దేశాలలో జరిగిన కొన్ని పరిశోధనలలో ఇట్టి లాభం కనిపించలేదు కావున దీనిని తిరుగులేని సిద్ధాంతంగా గ్రహింపరాదు. కాని పొరుగువాని భాష నేర్చుటలో నష్టం లేదనియు, లాభం ఉండవచ్చుననియు ఈ నగరపు సాక్ష్యం చెప్పుచున్నది.

మరపు వేరు, వ్యాధి వేరు

1906లో జర్మనీ వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్, జ్ఞాపకం కోల్పోయి మరణించిన ఒక స్త్రీ మెదడులో అసాధారణమైన మచ్చలను, కణాలలో ముడులను చూచి వైద్యులకు తెలియజేశారు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన ఆ వ్యాధి నేడు చిత్తవైకల్యానికి ముఖ్యకారణం. అది సాధారణంగా హిప్పోకాంపస్ పరిసరాలలోనే తన వినాశాన్ని ఆరంభించును. అందుచేతనే కొత్త విషయాలు ముందుగా జారిపోవును. 2023లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం మన దేశంలో అరువది దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, మొత్తం సుమారు 88 లక్షలమంది, చిత్తవైకల్యంతో ఉన్నారు. అనగా నూటికి తొంబదిమందికి పైగా ఆ వ్యాధి లేనివారే. కావున ముసలితనానికి మతిపోవుట సహజలక్షణం కాదు.

తాళంచెవి ఎక్కడ పెట్టినదీ మరచుట మరపు. తాళంచెవి ఎందుకో తెలియకపోవుట వ్యాధిలక్షణం. పేరు కొంతసేపటికి గుర్తుకు వచ్చుట మరపు. అడిగిన ప్రశ్ననే పలుమారు అడుగుట, తెలిసిన వీధిలో దారి తప్పుట, చిల్లర లెక్క తెలియకపోవుట, స్వభావం మారుట వైద్యుని చూడవలసిన గుర్తులు. థైరాయిడ్ లోపం, బి-12 విటమిను లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం వలన కూడ జ్ఞాపకం చెడును. ఇవి చికిత్సకు లొంగునవి. "పెద్దవారు, మామూలే" అని ఊరకున్నచో బాగుపడదగిన మనిషి బాగుపడకుండ పోవును. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం, రక్తపోటు, మధుమేహం, పొగత్రాగుట, చెవుడు, చూపు మందగించుట, ఒంటరితనం, బాల్యంలో చదువు లేకపోవుట మొదలగు 14 కారణాలను అరికట్టినచో చిత్తవైకల్యంలో దాదాపు నూటికి 45 వంతులు నివారించుటకో వాయిదా వేయుటకో అవకాశం కలదని తెలిపినది. ఈ జాబితాలో బాలికను బడికి పంపుటయు, తాతగారికి వినికిడి యంత్రం కొనిపెట్టుటయు రెండును ఉన్నవని గమనింపవలెను.

విద్యార్థులకు నాలుగు మాటలు

1885లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని పదాంశాలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచినదీ లెక్కవేశారు. గంటలో సగానికి పైగా, ఒక దినంలో మూడింట రెండు వంతులు జారిపోయినవి. తరువాత మరపు వేగం తగ్గినది. అంతరం ఇచ్చి వల్లించుట ఒకేసారి వల్లించుటకంటె మేలని కూడ ఆయనే చూపించారు. 2006లో రోడిగర్, కార్పిక్ అను అమెరికా పరిశోధకులు కళాశాల విద్యార్థులపై జరిపిన ప్రయోగం మరింత ఉపయోగకరం. ఒక జట్టు పాఠాన్ని రెండుసార్లు చదివినది. రెండవ జట్టు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది వ్రాసినది. ఐదు నిమిషాల తరువాత పరీక్షించగా రెండుసార్లు చదివినవారే మేలు. వారం తరువాత పరీక్షించగా తారుమారైనది: చదివినవారికి నూటికి 42, వ్రాసినవారికి 56. మరల మరల చదువుట వచ్చినట్లు భ్రమ కలిగించును. మూసి చెప్పుకొనుట నిజంగా వచ్చునట్లు చేయును.

కనుక పాఠాన్ని పలుదినాలకు పంచుకొనుట, పుస్తకం మూసి అప్పజెప్పుకొనుట, తెలిసినదానికి తెలియనిదానిని ముడివేయుట, రాత్రి నిద్రను చంపుకొనకుండుట, ఈ నాలుగును యువకునికి ఎంత హితమో వృద్ధునికి అంత హితం. నడక కూడ మేలు చేయును. 2011లో 120 మంది వృద్ధులపై జరిగిన పరీక్షలో, ఏడాదిపాటు వారానికి మూడు దినాలు వేగంగా నడచినవారి హిప్పోకాంపస్ ముందుభాగం సుమారు నూటికి రెండు వంతులు పెరిగినది. నడవని జట్టులో అది తగ్గినది. తరువాతి పరీక్షలన్నింటిలో ఇదే ఫలితం రాకున్నను, గుండెకు మంచిది మెదడుకు మంచిదను మాటను వైద్యులు అంగీకరింతురు.

కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. నగరంలోని పెద్దలను నెలకొకసారి ఆహ్వానించి, వారి వృత్తిని గూర్చి, పాత వీధులను గూర్చి, వారికి వచ్చిన పద్యాలను, షేర్లను గూర్చి విద్యార్థులు విని వ్రాసుకొను ఏర్పాటు చేసినచో రెండు పక్షాలకు లాభం. పెద్దలకు ఒంటరితనం తగ్గి జ్ఞాపకాలకు అభ్యాసం కలుగును. పిన్నలకు ఏ పాఠ్యపుస్తకంలోను దొరకని విషయజ్ఞానం అందును. వేగం యువకుని సొత్తు. అనుబంధజ్ఞానం వృద్ధుని సొత్తు. వృద్ధుల మెదడులో రెండు వైపులును కలిసి పనిచేసినపుడు జ్ఞాపకం బాగుగా ఉండవచ్చునని పైన చూచితిమి. ఒక ఇంటిలోను, ఒక ఊరిలోను రెండు తరాలు కలిసి పనిచేసినపుడును అంతే.